జీడిపప్పు డబ్బాకి యూవీ గుర్తు వేయించే ముందు ఇవి చూసుకోండి

పలాస-కాశీబుగ్గ వైపు జీడిపప్పు ప్యాక్ చేసేవాళ్ళు నకిలీల టెన్షన్‌తో లేబుల్ మీద యూవీ గుర్తు (అతినీలలోహిత దీపం వేస్తేనే వెలిగే గుర్తు) వేయిద్దామనుకుంటే, లైటు వేస్తే వెలిగిందా లేదా అని మాత్రమే చూసి డబ్బులిచ్చేయకండి. యూవీ పెన్ను ఆన్‌లైన్లో ఎవరికైనా దొరుకుతుంది, గీత గీసేస్తే వెలుగుతుంది. గుర్తు ఒక దీపానికి పలికి ఇంకో దీపానికి పలకకుండా ఉండాలి. లోహ హాలైడ్ పదార్థాలు (లోహంతో బ్రోమిన్, అయొడిన్ లాంటివి కలిసినవి) పనికొచ్చేది అక్కడే.

ముందు కాగితం సంగతి తేల్చండి. చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చ్ (ఆ అంకె కాంతి తరంగదైర్ఘ్యం) వేస్తే మామూలు తెల్ల కాగితం అంతా నీలంగా వెలుగుతుంది, తెల్లదనం కోసం కలిపే రసాయనం వల్ల. దాని మీద గుర్తు వేస్తే కంటికి సరిగ్గా ఆనదు. అదే టార్చ్ కరెన్సీ నోటు మీద వేయండి: కాగితం మసగ్గానే ఉంటుంది, నంబరూ సన్నటి పోగులూ మాత్రం వెలుగుతాయి. లేబుల్‌కీ అలా వెలగని కాగితమే అడగండి.

ఇక పదార్థం. సీజియం లెడ్ బ్రోమైడ్ నానో స్ఫటికాలు 520 నానోమీటర్ల దగ్గర చాలా చక్కటి ఆకుపచ్చ ఇస్తాయి, 2015లో జ్యూరిక్ పరిశోధకులు చేసి చూపించినప్పటి నుంచీ వీటికి మంచి పేరు. కానీ అందులో సీసం ఉంది. తినే వస్తువు డబ్బా మీద నేనైతే వద్దంటాను, పైగా తడి తగిలితే వెలుగు చచ్చిపోతుంది.

సీసం లేకుండా కావాలంటే సీజియం కాపర్ అయొడైడ్ ఉంది. ఇందులో నీలంగా వెలిగే రకానికి 254 నానోమీటర్ల దీపం కావాలి, 365 టార్చ్‌కి దాదాపు పలకదు. దాని పక్కనే 365కి ఆకుపచ్చగా వెలిగే మాంగనీస్ బ్రోమైడ్ రకంతో ఇంకో గీత వేయించండి, అప్పుడు మామూలు 365 టార్చ్ పట్టుకుని కాపీ కొట్టేవాడికి సగమే కనపడుతుంది. 254 దీపం మాత్రం కళ్ళకీ చర్మానికీ మంచిది కాదు, యూవీని ఆపే కళ్ళద్దాలూ గ్లౌజులూ లేకుండా వెలిగించొద్దు.

చాలామంది పట్టించుకోనిది ల్యామినేషన్. మామూలు పాలియెస్టర్ ఫిల్మ్ 254ని లోపలికి రానివ్వదు, గాజు కూడా అంతే, కాబట్టి పైన ఫిల్మ్ అతికించాక నీలం గీత ఉన్నా లేనట్టే. చెమ్మ నుంచి కాపాడాలి కదా అంటే, పదార్థాన్నే 254ని దాటనిచ్చే పాలిమర్‌లో కలిపి అచ్చు వేయమనండి.

నమూనాలు చేతికొచ్చాక కొన్నింటిని తడిగుడ్డతో పాటు మూతపెట్టిన డబ్బాలో ఉంచండి, కొన్ని డాబా మీద ఎండలో పడేయండి, ఇంకొన్ని బీరువాలో దాచండి. వారం తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి రెండు దీపాలతోనూ చూడండి. మన సముద్రపు గాలికి ఇది తప్పదు. రాగి రకం బాగా తడిస్తే సీజియం అయొడైడ్ కరిగిపోయి, నీలం కాస్తా పసుపుకి తిరుగుతుంది. అలా తిరిగిన నమూనా ఇచ్చినవాళ్ళని పాలిమర్ పూత మార్చమనండి, వినకపోతే వేరేవాళ్ళని చూసుకోండి.