క్లబ్బు పెట్టించిన నీళ్ల స్కీము ఆగిపోయిందా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

విశాఖలో రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బుల్లో కొన్నాళ్లు పనిచేసినవాళ్లలో ఈ ఫోన్ రానివాళ్లు తక్కువ: "సార్, మీరు పెట్టించిన నీళ్లు రావట్లేదు." ఆ ఒక్క మాట వెనక పది రకాల రోగాలుంటాయి. వెంటనే మెకానిక్‌ని కారెక్కించి పంపేస్తే రెండు వేల డీజిల్ ఖర్చయ్యి, వాడు అక్కడికెళ్లి "తాళం చెవి ఎవరి దగ్గరుంది?" అని మళ్లీ మీకే ఫోన్ చేస్తాడు. ముందు ఫోన్లోనే మూడు అడగండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నాయి? ఒక్కసారిగా ఆగాయా, మెల్లగా తగ్గాయా? ఇప్పుడు తాళం ఎవరి దగ్గరుంది? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంకో విషయం. మన చుట్టుపక్కల స్కీములన్నీ ఒకటి కావు. పాడేరు, అరకు, జి.మాడుగుల వైపు కొండల్లో ఎక్కువగా ఊట నుంచి పైపు దింపే గ్రావిటీ స్కీములు. అనకాపల్లి వైపు మైదానంలో బోరు, ట్యాంకు, కొన్నిచోట్ల ఆర్‌వో ప్లాంటు. భీమిలి వైపు సముద్రం పక్కన ఉప్పునీటి గొడవ. ఒకచోట పనిచేసిన మందు ఇంకోచోట పనిచెయ్యదు.

"కొండ మీద ఊట పారుతోంది, గూడెంలో కుళాయి రావట్లేదు"

ఇది గ్రావిటీ స్కీముల్లో మామూలు ఫిర్యాదు. పైనుంచి కిందికి పైపు వెంట నడవాలి, వేరే దారి లేదు. ఊట దగ్గర కట్టిన చిన్న తొట్టిలో ఆకులు, ఇసుక పేరుకుని జాలీ మూసుకుపోయిందేమో మొదట అక్కడే చూడండి, వానాకాలం తర్వాత చాలాసార్లు కథ అక్కడితోనే అయిపోతుంది. జాలీ శుభ్రంగా ఉండి, తొట్టి నిండి పొర్లుతోందంటే లోపం పైపులో ఉంది.

పైపులో మళ్లీ రెండు రకాలు. గుట్ట ఎక్కి దిగే చోట గాలి పట్టేసిందంటే నీళ్లు అస్సలు రావు, లేదా దగ్గుతున్నట్టు ఆగి ఆగి వస్తాయి. ఎత్తుగా ఉన్న ఆ మలుపు దగ్గర జాయింటు కొంచెం వదులు చేస్తే గాలి బుస్సుమని పోయి నీళ్లు కదులుతాయి. అది ఆ రోజుకి సర్దుబాటు మాత్రమే, అక్కడ ఎయిర్ వాల్వు పెట్టిస్తేనే శాశ్వతం. అలాగే పల్లపు చోట మట్టిని బయటికి వదిలే వాషవుట్ వాల్వు ఉండాలి, లేకపోతే అడుగున మట్టి చేరి పైపు సగం మూసుకుపోతుంది.

రెండోది పైపు పగలడం. అది ఎప్పుడూ కిందిభాగంలోనే పగులుతోందంటే ఎవరో కొట్టారని అనుమానపడకండి, ఎత్తు లెక్క చూడండి. 10 మీటర్ల దిగుడుకి దాదాపు ఒక కిలో ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి కిలో). 6 కిలోలకి తట్టుకునే పైపుని 100 మీటర్ల దిగుడులో వేస్తే, రాత్రి కుళాయిలన్నీ కట్టేసినప్పుడు అడుగున 10 కిలోలు పడుతుంది. పగలక ఏం చేస్తుంది? మధ్యలో ప్రెషర్ తగ్గించే చిన్న తొట్టి కట్టాలి, లేదా కింది భాగానికి ఎక్కువ ప్రెషర్ తట్టుకునే పైపు మార్చాలి. పైపు కాలిపోయిందంటే మాత్రం కారణం వేరే. పోడు కోసం నిప్పు పెట్టే చోట నేల మీద పరిచిన హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు మిగలదు. మూడడుగులు తవ్వి పూడ్చాల్సిందే. కొటేషన్‌లో "పైపు పరచుట" అని మాత్రమే ఉండి తవ్వకం లేదంటే ఆ కాగితం వెనక్కి పంపండి.

"ఎండాకాలంలో సగం ఊరికే వస్తున్నాయి"

ఇది రిపేరు కాదు, మొదట్లోనే జరిగిన లెక్క తప్పు. క్లబ్బువాళ్లు ఊరు చూడ్డానికి ఎప్పుడెళ్తారు? అక్టోబరు, నవంబరుల్లో, కొండలు పచ్చగా ఉన్నప్పుడు, మంచు చూసినట్టూ ఉంటుంది, సర్వే అయినట్టూ ఉంటుంది. అప్పుడు ప్రతి ఊటా గంగలాగే కనిపిస్తుంది. కొలవాల్సింది మే నెలలో.

కొలవడానికి బకెట్టు, సెల్‌ఫోన్ చాలు. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. 40 ఇళ్లు, ఇంటికి ఐదుగురు అనుకుంటే 200 మంది, అంటే రోజుకి 11,000 లీటర్లు. 15 లీటర్ల బకెట్టు నిండడానికి రెండు నిమిషాలు పడుతుంటే ఇరవై నాలుగు గంటల్లో వచ్చేది 10,800 లీటర్లు. అంటే సరిగ్గా అంచున ఉంది, అదీ రాత్రి నీళ్లు వృథా కాకుండా పట్టుకునే ట్యాంకు ఉంటేనే. బకెట్టుకి నాలుగు నిమిషాలు పడితే ఇంకో ఊట కలపాలి, లేదా తాగడానికీ వంటకీ ఇదీ, మిగతావాటికి గెడ్డ (వాగు) నీళ్లు అని ఊరితో ముందే మాట్లాడుకోవాలి. ఊట పైభాగంలో వాలుకి అడ్డంగా కందకాలు తవ్వడం, చెట్లు కాపాడటం కూడా పనికొస్తుంది కానీ దాని ఫలితానికి వానాకాలాలు గడవాలి, ఈ మే నెలకి కాదు.

"బోరింగ్ ఎంత కొట్టినా నీళ్లు రావట్లేదు"

చాలాసేపు కొట్టాక నీళ్లొచ్చి, ఆ తర్వాత మామూలుగా వస్తుంటే అడుగున ఫుట్ వాల్వు (నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది) కారుతోంది, లేదా పైపులో ఎక్కడో చిల్లుంది. మొదటినుంచీ సన్నగానే వస్తుంటే లోపల వాషర్లు అరిగిపోయాయి, లేదా నీటిమట్టం దిగిపోయింది. వాషర్లు చవక వస్తువు, ఊళ్లోనే ఒక సెట్టు ఉంచాలి. పనిలో పనిగా చుట్టూ ఉన్న సిమెంటు గట్టు చూడండి, అది బీటలిచ్చి ఉంటే బట్టలుతికిన నీళ్లు మళ్లీ బోరులోకే దిగుతాయి.

"తెల్లగా వచ్చిన నీళ్లు బిందెలో ఎర్రబడుతున్నాయి"

ఇనుము. గాలి తగలగానే తుప్పు రంగులోకి మారుతుంది. ప్రాణాపాయం లేదు కానీ అన్నం రంగు మారుతుంది, బట్టలకి మరకలు పడతాయి, ఆడవాళ్లు ఆ నీళ్లు ముట్టుకోరు. దీనికి ఆర్‌వో పెట్టక్కర్లేదు. నీళ్లని మెట్లమీదుగానో చిల్లుల పళ్లెం మీదుగానో జల్లుగా పడేసి గాలి తగలనిచ్చి, తర్వాత ఇసుక ఫిల్టరులోంచి పంపితే ఇనుము చాలామటుకు ఇసుకలో ఆగిపోతుంది. ఆ ఇసుకని అప్పుడప్పుడు కడగాలి, అదే ఎవరూ చెయ్యరు.

"ఆర్‌వో నీళ్ల రుచి మారింది"

ఒక్కసారిగా మారిందా, నెలల తరబడి మెల్లగా మారిందా అన్నది ముఖ్యం. చేతిలో పట్టే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరుతో రోజూ రాసిపెట్టిన పుస్తకం ఉంటే వెంటనే తెలుస్తుంది (ఉండదనుకోండి, అయినా అడగండి). టీడీఎస్ ఒక్కసారిగా పెరిగితే ఓ-రింగు (లీకవకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది, లేదా మెంబ్రేన్ (ఉప్పుని ఆపే పొర) దెబ్బతింది. మెంబ్రేన్‌కి క్లోరిన్ పడదు, ఎవరో మంచి ఉద్దేశంతో కింది ట్యాంకులో బ్లీచింగ్ కలిపి, కార్బన్ ఫిల్టర్ అరిగిపోయి ఉంటే కొత్త మెంబ్రేన్ కూడా పాడవుతుంది. కారణం తియ్యకుండా మెంబ్రేన్ మార్చకండి. అలా కాక ప్రెషర్ పెరుగుతూ, వచ్చే నీళ్లు తగ్గుతూ పోతుంటే మెంబ్రేన్ మీద సున్నం పొర కట్టింది, సున్నం పట్టకుండా వేసే మందు, యాంటీస్కేలెంట్, అయిపోయి ఎన్నాళ్లయిందో ఆపరేటర్‌ని అడగండి.

అసలు ఆర్‌వో అవసరమా అని నా గట్టి అనుమానం. తాగునీటికి బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా అనుమతి. ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటినా, ఉప్పు మరీ ఎక్కువైనా ఆర్‌వోకి అర్థముంది. కొండ ఊట నీళ్లకి ఆర్‌వో పెట్టడం డబ్బు దండగ, అక్కడి సమస్య ఉప్పు కాదు, సూక్ష్మజీవులు. పైగా టీడీఎస్ మీటరు సూక్ష్మజీవుల గురించి ఒక్క ముక్క చెప్పదు.

భీమిలి వైపు తీరం ఊళ్లలో వేసవి వచ్చేసరికి బోరు ఉప్పగా మారితే ఇంకా లోతుకి తవ్వించమంటారు. వద్దు, ఎక్కువ తోడుతున్నకొద్దీ సముద్రపు నీరు లోపలికి జరుగుతుంది, లోతు పెంచితే ఇంకా త్వరగా అందుతుంది. తోడే గంటలు తగ్గించి, ఒక్క పెద్ద మోటారు బదులు దూరదూరంగా చిన్నవి పెట్టుకోవాలి.

"వానలు పడ్డాక ఊళ్లో వాంతులు, విరేచనాలు"

ఇక్కడ ముందు కారణం వెతక్కండి. ముందు ఆ నీళ్లు తాగడం ఆపించి, మరిగించి తాగమని చెప్పి, పీహెచ్‌సీకీ ఆశా కార్యకర్తకీ ఫోన్ చెయ్యండి. తర్వాత ట్యాంకు ఖాళీ చేసి కడిగించి క్లోరిన్ వెయ్యాలి. మంచి బ్లీచింగ్ పౌడరు అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములతో మొదలుపెడతారు, అంటే పదివేల లీటర్ల ట్యాంకుకి 25 గ్రాములు. పొడిని నేరుగా చల్లకుండా బకెట్టులో కలిపి, అడుగున సున్నం దిగాక పైన తేరిన నీళ్లు మాత్రమే ట్యాంకులో పొయ్యాలి. అరగంట ఆగి చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోపుతో (క్లోరిన్ కొలిచే కిట్టు) చూస్తే మిగిలిన క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, జబ్బులున్న రోజుల్లో 0.5. రాకపోతే ఇంకొంచెం వేసి మళ్లీ చూడాలి. మూత తెరిచి మూలన పడేసిన బస్తాలో బలం ఉండదు, బురద నీళ్లలో క్లోరిన్ ఎంత వేసినా సరిగ్గా పనిచెయ్యదు, ముందు బురద వడకట్టాలి.

ఆ తర్వాత కారణం. ఊట తొట్టికి మూత లేదా? పైన పశువులు తిరుగుతున్నాయా? పైపు జాయింటు మురుగు కాలవలో ఉందా? నీళ్లు ఆగినప్పుడు ఆ జాయింటు మురుగుని లోపలికి పీలుస్తుంది. హెచ్‌టూఎస్ సీసాల్లో (సూక్ష్మజీవుల్ని పట్టే చిన్న పరీక్ష సీసాలు) నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, నల్లబడినచోట మలినం కలిసే అనుమానం ఉన్నట్టే. ఊట దగ్గర, ట్యాంకు దగ్గర, కుళాయి దగ్గర, ఇంట్లో బిందెలో, నాలుగు చోట్లా పెట్టండి. ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. చాలాసార్లు బిందెలో చెయ్యి ముంచే దగ్గర!

"మోటారు మళ్లీ కాలిపోయింది"

లో వోల్టేజ్, లేదా బోరులో నీళ్లు అయిపోయాక కూడా తిరగడం. రెంటినీ ఆపే పానెల్ ఉంటుంది, మోటారు వైండింగ్ ఖర్చుతో పోలిస్తే అది చవక. ఆ పానెల్‌ని బైపాస్ చేసి డైరెక్ట్‌గా కలిపేశారేమో కూడా చూడండి.

"చిన్న రిపేరే, కానీ ఎవరూ చేయించట్లేదు"

పైన చెప్పినవన్నీ కలిపినా దీని ముందు దిగదుడుపే. క్లబ్బు సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది, ప్రెసిడెంటు మారతాడు. పాతాయన ప్రాజెక్టుని రిపేరు చేస్తే కొత్తాయనకి ఫొటో రాదు, కాబట్టి పక్క ఊళ్లో కొత్త ప్లాంటు వస్తుంది. ఊరివాళ్లేమో "అది క్లబ్బువాళ్లది" అంటారు, పంచాయతీ "మాకు అప్పగించలేదు" అంటుంది. ముగ్గురూ చెప్పేది నిజమే.

దీనికి మందు డబ్బు కంటే ముందు కాగితం. పని మొదలవ్వకముందే గ్రామసభ తీర్మానం, ఆస్తి ఎవరిదో రాసిన ఒప్పందం ఉండాలి. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ ఉంటే దాని పేరిట, జల్ జీవన్ మార్గదర్శకాల ప్రకారం అందులో సగం మంది ఆడవాళ్లు. నీళ్లు మోసేది వాళ్లే కాబట్టి రిపేరుకి తొందరపెట్టేదీ వాళ్లే, పేరుకి కాకుండా బ్యాంకు ఖాతాలో సంతకం కూడా వాళ్లదే ఉండేలా చూడండి. ఇంటికి నెలకి 30 రూపాయలు, 40 ఇళ్లు అంటే ఏడాదికి 14,400. ఫుట్ వాల్వులు, వాషర్లు, బ్లీచింగ్, పైపులు చూసుకునే కుర్రాడికి కొంత, ఇవన్నీ అందులోనే సర్దుకోవచ్చు. మోటారు కాలినప్పుడు మాత్రం క్లబ్బు సాయం అడగొచ్చు, అందుకు ప్రాజెక్టు బడ్జెట్‌లోనే మొదటి రెండు మూడేళ్ల నిర్వహణ డబ్బు పక్కన పెట్టాలి. రోటరీ ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంటు అయితే ముందే ఊరి అవసరాల అంచనా వెయ్యాలి, ఆ నిబంధన ఊరికే పెట్టలేదు, దాన్ని ఆఫీసులో కూర్చుని నింపకండి.

ఏజెన్సీలో ఇంకో చిక్కు, పైపు అడవి భూమి మీదుగా వెళ్తే ఫారెస్టువాళ్లు రిపేరుకి కూడా ఆపుతారు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో తాగునీటి సరఫరా, నీటి పైపులైన్ల పేర్లు ఉన్నాయి, హెక్టారు లోపు భూమికి గ్రామసభ సిఫారసుతో అనుమతి వస్తుంది. ఆ కాగితం ఒక కాపీ గూడెంలో, ఒకటి క్లబ్బులో ఉంచండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత ఫైళ్లలో విశాఖ జిల్లా అని ఉన్నా ఇప్పుడు అరకు, పాడేరు పనికి పాడేరులోని అల్లూరి సీతారామరాజు జిల్లా ఆఫీసుకే వెళ్లాలి.

ఇక శిలాఫలకం. క్లబ్బుల డిస్ట్రిక్ట్ గవర్నరు, ప్రెసిడెంటు, సెక్రటరీ పేర్లు వేసుకోండి, ఎవరూ వద్దనరు. కింద కొంచెం చోటు వదిలి బోరు లోతు, మోటారు హెచ్‌పీ, పైపు సైజు, ఎయిర్ వాల్వులు ఎక్కడున్నాయో చెక్కించండి. మెకానిక్ నంబరు మాత్రం పెయింటుతో రాయించండి, అది మారుతుంది.