సంక్రాంతికి తాళం వేసే ముందు ఇంటి కెమెరాలకు చేయాల్సినవి

మొన్న జనవరిలో భోగికి ముందు రోజు అమ్మా నాన్నా విశాఖలోని పెదవాల్తేరు ఇంటికి తాళం వేసి శ్రీకాకుళం దగ్గర మా ఊరు వెళ్ళారు. ఆ ఇంటికి నాలుగు కెమెరాలున్నాయి. రాత్రి ఫోన్ తీసి చూస్తే నాలుగూ ఆఫ్‌లైన్. నెట్ పోయిందేమో అనుకున్నాను. పొద్దున చూసినా అంతే. నాన్నకు ఫోన్ చేసి అడిగితే, "ఇల్లు వదిలి వస్తూ మెయిన్ ఆపకుండా వస్తామేంట్రా? ఎప్పుడూ చేసేదే కదా" అన్నారు. నాన్న మాటలో తప్పేమీ లేదు. పాత ఇళ్ళలో అది మంచి అలవాటే. కెమెరాలకు విడిగా ఒక లైను వేయించాలని ముందే ఆలోచించకపోవడం నా పొరపాటు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఏమీ జరగలేదు. కానీ ఆ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని ఇది రాస్తున్నాను.

సెప్టెంబరులోనే రాయడానికీ కారణం ఉంది. విశాఖకు అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. హుద్‌హుద్ మన దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ నెలలు దాటగానే సంక్రాంతి, వీధివీధికీ తాళాలు. గాలివానకు దెబ్బతిన్న కెమెరాను ఎవరూ ఎక్కి చూడరు. కొత్తగా పెట్టించుకునేవాళ్ళు జనవరి మొదటి వారంలో హడావుడిగా పెట్టించుకుని బస్సెక్కేస్తారు. రెండూ ప్రమాదమే.

కెమెరా ఎవరి అకౌంట్‌లో ఉంది?

అన్నిటికన్నా ముందు ఇది చూసుకోండి. మీ దగ్గర ఇప్పటికే కెమెరాలుంటే ఈ రోజే చూసుకోండి.

పెట్టడానికి ఒక కుర్రాడు వస్తాడు. డ్రిల్ వేస్తాడు, తీగలు లాగుతాడు, చివర్లో తన ఫోన్‌లో యాప్ తెరిచి కెమెరా మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాడు. వీడియో రాగానే మీ ఫోన్‌కు షేర్ చేసి, "చూడండి సార్, వచ్చేసింది" అంటాడు. మనం డబ్బులిచ్చి పంపించేస్తాం. చాలా కంపెనీల యాప్‌లలో మొదట స్కాన్ చేసిన అకౌంటే ఆ కెమెరాకు యజమాని. మీకు దక్కింది చూసుకునే అనుమతి మాత్రమే. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు. కానీ అతని ఫోన్ పోయినా, అతను ఉద్యోగం మారినా, ఆ అకౌంట్ ఇంకొకరి చేతికి చిక్కినా, మీ హాల్లో ఎవరు కూర్చున్నారో వాళ్ళకు కనిపిస్తుంది.

ఎంవీపీ కాలనీలో మా పిన్ని వాళ్ళకు ఇదే జరిగింది. ఏడాదిన్నర తర్వాత ఆవిడ కొత్త ఫోన్ కొనుక్కుని యాప్ వేసుకుంటే కెమెరాలు రాలేదు. పెట్టిన షాపు అప్పటికే మూసేశారు. కెమెరాను రీసెట్ చేసి మళ్ళీ స్కాన్ చేస్తే, "ఈ పరికరం వేరే అకౌంట్‌లో ఉంది" అని వచ్చింది. రీసెట్ చేసినంత మాత్రాన పాత అకౌంట్ నుంచి విడిపోని కెమెరాలు చాలా ఉన్నాయి. బిల్లూ, కెమెరా మీది సీరియల్ నంబరూ కంపెనీ సపోర్టుకు పంపించి విడిపించుకోవాల్సి వచ్చింది. బిల్లు దాచి ఉంచడం వల్ల ఆవిడ బయటపడింది.

అందుకే అతను రాకముందే మీ ఈమెయిల్‌తో, మీ నంబరుతో యాప్‌లో అకౌంట్ తెరిచి పెట్టుకోండి. స్కాన్ మీ ఫోన్‌తోనే చేయించండి. మొహమాటపడాల్సిన పని లేదు, "బాబూ, నా ఫోన్‌లో చెయ్యి" అంటే చేస్తాడు. ఇంట్లోవాళ్ళకు మీ అకౌంట్ నుంచే చూసే అనుమతి ఇవ్వండి. లాగిన్‌కు ఓటీపీ అడిగే ఏర్పాటు యాప్‌లో ఉంటే పెట్టుకోండి. కెమెరా మీది క్యూఆర్ స్టిక్కర్‌ను ఒక ఫొటో తీసుకుని దాచండి. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.

యాప్ అకౌంట్ ఒకటైతే, రికార్డింగ్ పెట్టె అయిన ఎన్‌వీఆర్‌కు ఉండే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకొకటి. మీరు మార్చకపోతే అది పెట్టినవాళ్ళు ఇచ్చిందే ఉంటుంది. ఒకే షాపు నుంచి వెళ్ళిన చాలా ఇళ్ళలో ఒకే పాస్‌వర్డ్ పెట్టడం నేను చూశాను. కనీసం 12 అక్షరాలది, ఇంకెక్కడా వాడనిది పెట్టి, కాగితం మీద రాసి బీరువాలో ఉంచండి. ఇంటి పేరూ, పుట్టిన తేదీ వద్దు.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే 2016లో జరిగింది గుర్తు చేసుకోండి. మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను ఇంటర్నెట్ అంతా వెతికి పట్టుకుంది. దాని చేతిలో ఉన్నది సుమారు 60 యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా మాత్రమే. అలా పట్టుకున్న పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబరు 21న, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే సంస్థ మీద దాడి జరిగింది. అమెరికాలో కొన్ని గంటలపాటు ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు. తమ ఇంటి కెమెరా ఆ పనిలో ఉందని దాని యజమానులకు తెలియనే లేదు.

రౌటర్‌లోనూ కొన్ని పనులున్నాయి. బయటి నుంచి చూడడం కోసమని ఎవరైనా 'పోర్ట్ ఫార్వర్డింగ్' చేసి ఉంటే తీసేయించండి, అది వీధిలోకి తెరిచిన తలుపు. యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆ తలుపును మీకు చెప్పకుండానే తెరవగలదు, దాన్ని కూడా ఆపించండి. వైఫై కెమెరాలైతే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి వాటిని అందులో పెట్టండి. పండక్కి వచ్చిన చుట్టాలందరికీ ఇచ్చిన వైఫై పాస్‌వర్డ్‌తోనే కెమెరాలూ నడుస్తుంటే బాగుండదు. కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌కు (ఫర్మ్‌వేర్) అప్‌డేట్ వస్తే వేయండి, కానీ ఊరెళ్ళే రోజు కాదు, వారం ముందు. అప్‌డేట్ తర్వాత కెమెరా తిరిగి లేవకపోతే చూసే మనిషి ఇంట్లో ఉండాలి.

కొత్తవి కొనేవాళ్ళకు ఒక మాట. మన దేశంలో సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షల నిబంధన 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఎస్‌టీక్యూసీ ఇచ్చే సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని షాపులో అడగండి. అంతకుముందు నాటి సరుకును తక్కువకు ఇస్తామంటే తొందరపడకండి.

కరెంటు

మెయిన్ ఆపే అలవాటున్న ఇళ్ళలో కెమెరాలకు, ఎన్‌వీఆర్‌కు, రౌటర్‌కు, ఫైబర్ పెట్టెకు కలిపి ఒక లైను విడిగా తీయించి, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టించండి. మిగతా ఎంసీబీలన్నీ దించేసినా అది పైకే ఉండాలి. మా ఇంట్లో ఆ ఎంసీబీ మీద ఎర్ర టేపు వేసి "దీన్ని ఆపొద్దు" అని తెలుగులో రాసి అంటించాం. మెయిన్ బదులు ఎంసీబీలు ఒక్కొక్కటిగా ఆపడం నాన్న ఒక్కసారి చూపిస్తే నేర్చుకున్నారు.

కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుందో లెక్క వేసుకోండి. నెట్ తీగతోనే కరెంటు అందుకునే పీఓఈ కెమెరాలు నాలుగు, ఎన్‌వీఆర్, రౌటర్, ఫైబర్ పెట్టె అన్నీ కలిపి రాత్రిపూట 50 వాట్ల చుట్టూ తాగుతాయి. కంప్యూటర్‌కు వాడే 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది చిన్న బ్యాటరీ, దాని మీద ఒక గంట నడవడం కూడా అనుమానమే. ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ ఉంటే ఆ లైనును దానికి కలిపించండి. బ్యాటరీ బాగుంటే, మిగతావన్నీ ఆపేసిన ఇంట్లో సగం రోజు పైనే లాగుతుంది. వెళ్ళే ముందు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూడండి. పీఓఈలో ఒక సుఖం ఉంది. నెట్ తీగలోనే కరెంటు కూడా వెళ్తుంది కాబట్టి ఇంట్లో ఆ తీగలన్నీ కలిసే ఒక్క పెట్టెకు (నెట్‌వర్క్ స్విచ్) కరెంటు ఉంటే చాలు, 100 మీటర్ల లోపు కెమెరాలన్నీ బతికే ఉంటాయి. వైఫై కెమెరాలకైతే ఒక్కోదానికీ ఒక ప్లగ్ పాయింట్, ఒక్కోదానికీ ఒక దిగులు.

పెద్ద తుఫాను వస్తే ఈ లెక్కలేవీ నిలవవు. హుద్‌హుద్ తర్వాత కరెంటు లేక ఎన్ని రోజులు గడిపామో అప్పుడు ఇక్కడున్నవాళ్ళకు తెలుసు. మీ ఇంట్లో కరెంటు ఉన్నా వీధిలోని కేబుల్ పెట్టెకు లేకపోతే నెట్ రాదు. అందుకే నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో దాచే క్లౌడ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఇంట్లో హార్డ్ డిస్క్‌లోనో, కెమెరాలోని మెమరీ కార్డులోనో రికార్డు అవుతూ ఉండాలి. ఎన్‌వీఆర్‌ను టీవీ కింద కాకుండా, వచ్చినవాడి కంటపడని చోట, నీళ్ళు చేరని ఎత్తులో పెట్టండి.

డిస్క్ ఎన్ని రోజులకు సరిపోతుందో కూడా చూసుకోవాలి. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు సుమారు 43 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 172 జీబీ. అంటే 1 టీబీ డిస్క్ ఆరో రోజుకు నిండిపోయి పాతది చెరిపేసుకుంటుంది. భోగి ముందు వెళ్ళి కనుమ, ముక్కనుమ దాటి వారానికి వస్తే మొదటి రోజు వీడియో ఉండదు. 2 టీబీ డిస్క్ వేయించండి, లేదంటే లోపలి కెమెరాలను కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా మార్చండి. గేటు కెమెరా మాత్రం ఆగకుండా నడవనివ్వండి.

ఉప్పుగాలి, గాలివాన, పిడుగు

కెమెరా డబ్బా మీద ఐపీ66, ఐపీ67 అని ఉంటే అది ధూళి, నీళ్ళ సంగతి. ఉప్పు సంగతి కాదు. లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ వైపు ఇళ్ళలో కెమెరా కన్నా ముందు పోయేది కనెక్టర్. మేడ మీద ఒక కెమెరా రాత్రుళ్ళు పోయి పొద్దున్న వస్తుంటే విప్పి చూశాను. నెట్ కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంది. కనెక్టర్‌ను ఉత్త టేపు చుట్టి గోడకు వదిలేయకూడదు. కెమెరాతో వచ్చే వాటర్‌ప్రూఫ్ తొడుగు వాడించండి, చాలాచోట్ల అది డబ్బాలోనే మిగిలిపోయి ఉంటుంది. దాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ జంక్షన్ బాక్స్‌లో పెట్టించండి. తీగ ఆ బాక్స్‌లోకి కింది నుంచి వెళ్ళాలి, వెళ్ళే ముందు ఒక వంపు కిందికి వేలాడాలి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి. తీగ పూర్తి రాగిది, ఎండకు తట్టుకునే బయటి రకం తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవక, కానీ అది పీఓఈ కరెంటునూ సరిగా మోయదు, ఈ గాలికీ నిలవదు.

అద్దం మీద ఉప్పు పొర పేరుకుంటే పగలు బాగానే కనిపిస్తుంది. రాత్రి చీకట్లో చూడడానికి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగాక తెరంతా తెల్లగా పొగ కమ్మినట్టు ఉంటుంది. మంచినీళ్ళతో తడిపిన మెత్తటి గుడ్డతో నెలకోసారి తుడవండి. కెమెరా చుట్టూ పురుగులు, సాలీళ్ళు, బల్లులు చేరతాయి. సాలెగూడు ఊగిన ప్రతిసారీ ఫోన్ మోగుతుంది, విసుగొచ్చి నోటిఫికేషన్లు ఆపేస్తాం, నిజంగా మనిషి వచ్చిన రోజు తెలియదు. మనుషులను మాత్రమే గుర్తుపట్టే అమరిక ఉంటే దాన్ని పెట్టి, యాప్‌లో గేటు వరకే గీత గీయండి. పోర్టు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు బొగ్గు ధూళి కూడా తోడవుతుంది కాబట్టి ఇంకా తరచుగా తుడవాలి.

తుఫాను హెచ్చరిక రాకముందే బిగింపులు చూడండి. పిట్టగోడ మీద సన్నటి పైపుకు బిగించిన కెమెరాను గోడకు మార్పించండి. దగ్గరి కొబ్బరి మట్టలు కొట్టించండి. హెచ్చరిక వచ్చాక, గాలి మొదలయ్యాక, నిచ్చెన ఎక్కొద్దు. కెమెరా పోతే పోనీ. తడి గోడ దగ్గర పనిచేయాల్సి వస్తే ముందు ఆ లైను ఆపండి. వీధి కరెంటు స్తంభానికి కెమెరా గానీ తీగ గానీ కట్టనివ్వకండి.

పిడుగు నేరుగా ఇంటి మీద పడక్కర్లేదు. దగ్గర్లో పడినా మేడ మీది పొడవాటి తీగల గుండా వచ్చి ఎన్‌వీఆర్ పోర్టులు కాలిపోతాయి. బయటి తీగలకు, ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని ఆపే సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టించండి. అవి పనిచేయాలంటే ఇంటి ఎర్తింగ్ బాగుండాలి. పాత ఇల్లయితే ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టి చూపించుకోండి.

ఎటు చూడాలి, ఎటు చూడకూడదు

తూర్పు వైపు తిప్పిన కెమెరాకు పొద్దున్నే ఎండ కొట్టి మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. కాస్త పక్కకు తిప్పి, కిందికి వంచండి. తొమ్మిది అడుగుల కన్నా ఎత్తు పెడితే నెత్తే కనిపిస్తుంది, ముఖం కాదు.

పడకగదులు, బాత్రూం వైపు కెమెరా వద్దు. హాల్లో పెడితే ఇంట్లోవాళ్ళకు, పనిచేసే మనిషికి చెప్పి పెట్టండి. మనుషులు ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని ఆపేయండి. ఒకరి ఒంటి మీది రహస్య భాగాలను వారి అనుమతి లేకుండా చిత్రీకరిస్తే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ళ వరకు జైలు గానీ, రెండు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఎదుటి ఫ్లాట్ గుమ్మం, పక్కింటి కిటికీ పడుతుంటే సెట్టింగుల్లో ఆ భాగానికి నల్ల ముసుగు వేయొచ్చు. మీ వీడియో ఎవరి చేతికైనా చిక్కిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తాళం వేసిన ఇళ్ళను గమనించడానికి ఆంధ్రప్రదేశ్ పోలీసులకు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. యాప్‌లో నమోదు చేసుకుని అడిగితే వాళ్ళే వచ్చి కెమెరా పెడతారు. మీ స్టేషన్‌లో ఇప్పుడు ఇస్తున్నారేమో పండక్కి ముందే కనుక్కోండి.

వెళ్ళే ముందు రోజు

ఎన్‌వీఆర్ తెర మీద తేదీ, సమయం సరిగా ఉన్నాయా చూడండి. కరెంటు పోయి వచ్చాక కొన్నిటిలో గడియారం ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది. అలాంటి వీడియో పోలీసులకు ఇస్తే ముందు ఆ తేదీ గురించే చెప్పుకోవాల్సి వస్తుంది. నిన్నటి రికార్డింగ్‌లో ఐదు నిమిషాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసి చూడండి. చాలామందికి ఆ పని అవసరం పడిన రోజు వరకు రాదు.

తర్వాత ఇంట్లో ఎర్ర టేపుదొక్కటి ఉంచి మిగతా ఎంసీబీలన్నీ దించండి. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో వీధి చివరిదాకా నడవండి. అక్కడ నిలబడి నాలుగు కెమెరాలూ ఒక్కొక్కటీ తెరవండి. తర్వాత ఇంట్లోవాళ్ళను గేటు ముందు నుంచి నడవమనండి, మీ ఫోన్ మోగాలి. మోగకపోతే బాగుచేయించడానికి ఇంకా ఒక రోజు ఉంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సెక్కాక తెలిస్తే ఆ రోజు ఉండదు.