డబ్బా దొరక్కపోతే పోయింది, కనపడని చోట చెయ్యి పెట్టకండి

కార్తీకం వస్తోంది. మా విజయనగరం వైపు ఈసారి వనభోజనాలంటే ఉసిరి చెట్టు కింద పులిహోర, అంత్యాక్షరితో అయిపోవడం లేదు, ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని దాచిన డబ్బాలు వెతికే జియోక్యాషింగ్ కూడా ఉంటోంది. తాటిపూడి దగ్గర తోటల్లో, కొండ దారుల్లో డబ్బాలు దాచి, "మర్రి తాత గడ్డం కింద చూడు", "ముక్కు లేని రాయిని అడుగు" అని పొడుపుకథల్లా హింట్లు పంపుకుంటున్నారు. సరదా ఆటే, నాకూ ఇష్టమే. కానీ పోయిన వారం ఇలాగే ఆడుతూ ఒక కుర్రాడు రాళ్ల సందులో చెయ్యి పెడితే తేలు కుట్టి, రాత్రంతా ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

నీళ్లు, టోపీ, పవర్ బ్యాంకు సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుందంటే చివరి పది అడుగుల్లో. ఈ ఆట 2000 మేలో పుట్టింది. జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన తేడాను అమెరికా ప్రభుత్వం తీసేసిన వెంటనే ఒరెగాన్‌లో ఒకాయన బకెట్ దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. తేడా తీసేసినా, ఆరుబయట కూడా ఫోన్ కొన్ని మీటర్లు అటూ ఇటూగానే చూపిస్తుంది, గుబురు చెట్ల కింద ఇంకా ఎక్కువ. తెర మీద మూడు మీటర్లని ఉంటుంది, ఒక్క అడుగు వేస్తే పదకొండు అవుతుంది, మళ్లీ నాలుగు. ఇక ఫోన్ మీద నమ్మకం పోయి, డబ్బా ఇక్కడే ఎక్కడో ఉందన్న ఆత్రంలో కనపడిన ప్రతి తొర్రలో, ప్రతి రాతి సందులో చెయ్యి పెట్టేస్తారు. ఏటవుద్దిలే అనుకుంటారు. వానలు తగ్గి, కోతల సమయానికి ఎలకలు పెరిగి, రక్తపింజర, కట్లపాము తిరిగే కాలం ఇది. తేళ్లు, జెర్రిలు సరేసరి. వాటికి కావాల్సిందీ డబ్బాకి కావాల్సిందీ ఒకటే, చీకటిగా ఉండే పొడి సందు.

ముందు టార్చి వేసి చూడండి. తర్వాత కర్రతో కదపండి. ఆ తర్వాతే చెయ్యి. టార్చి వెలుగు లోపలిదాకా పోకపోతే ఆ డబ్బాను వదిలేయండి.

దాచేవాళ్లకి ఇంకా గట్టిగా చెప్పాలి. చెయ్యి లోపల పెడితేగానీ దొరకని చోట డబ్బా దాచారంటే మీ సరదా కోసం వేరేవాళ్ల వేళ్లు పణం పెట్టినట్టే. కొమ్మకి కంటి ఎత్తులో వేలాడదీయండి, ఆకుల రంగు టేపు చుట్టండి, అలా కూడా దొరకడం కష్టమే. పుట్టల జోలికి అసలు పోవద్దు. శాలిహుండంలో, రామతీర్థం గురుభక్తుల కొండ మీద బౌద్ధ కట్టడాల ఇటుకల మధ్య దాచొద్దు. అవి రక్షిత కట్టడాలు, ఒక ఇటుక కదిపినా కేసు మీ మీదే.

పాము కరిస్తే తాడు బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు వైద్యానికి తీసుకెళ్లొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, కరిచిన చెయ్యి కదలకుండా చెక్క కట్టి 108కి ఫోన్ చేయండి. పామును పట్టుకోవాలని చూడొద్దు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా పుట్టదు. రెప్పలు వాలిపోయేదాకా ఏమీ కాలేదనుకుని పులిహోర తింటూ కూర్చోకండి. చిన్నపిల్లలకి తేలు కుట్టి చెమటలు, వాంతులు మొదలైతే ఇంట్లో వైద్యం వద్దు, ఆసుపత్రికే.

శ్రీకాకుళం వాళ్లకి వేరే బెడద ఉంది, ఎలుగుబంట్లు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒకరి ప్రాణం తీసింది, ఇంకొంతమందిని గాయపరిచింది. ఉద్దానం జీడితోటల్లో ఫోన్‌లోకి తల దించుకుని నిశ్శబ్దంగా నడవకండి. ఎలుగుకి చూపు అంతంతమాత్రమే, మీరు హఠాత్తుగా దగ్గర పడితే భయపడి మీదికొస్తుంది. గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి, తెల్లవారకముందు, సందేళ వెళ్లనే వద్దు.

ఇంకా:

రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవద్దు.

ఒక్కరే పోవద్దు. ముగ్గురు ఉంటే ఒకరు ఫోన్ చూడాలి, మిగతా ఇద్దరు నేల చూడాలి.

పొలం గట్టున తీగ కనపడితే దాటొద్దు, ముట్టొద్దు. అడవిపందుల కోసం కరెంటు పెట్టి ఉండొచ్చు.

కొండ మీద మబ్బు పట్టిందా, గెడ్డ దాటకండి. కింద ఎండగా ఉన్నా సరే, నీళ్లు పైనుంచి ఒక్కసారిగా వస్తాయి.

తేనెపట్టు ఉన్న చెట్టు కింద వంట పొయ్యి పెట్టొద్దు.

దురదగొండి ఉన్న తుప్పల్లో డబ్బా దాచి నవ్వుకునేవాళ్లని తర్వాతి ఆటకి పిలవకండి.

పిల్లలకి హింట్ ఇచ్చేటప్పుడే చెప్పండి, చెయ్యి పెట్టొద్దని. మళ్లీ బయల్దేరేటప్పుడు చెప్పండి. మళ్లీ అక్కడికి చేరాక చెప్పండి.

గ్లవ్స్ ఉన్నాయి కదా అని కూడా చెయ్యి పెట్టొద్దు. బట్ట గ్లవ్స్ రక్తపింజర కోరలని ఆపవు.

డబ్బాలో చాక్లెట్లు, జీడిపప్పు పెట్టొద్దు, చీమలు, కోతులు, వాసనకి ఎలుగు, అన్నీ వస్తాయి. లాగ్‌బుక్ (డబ్బా దొరికినవాళ్లు పేరు రాసే చిన్న పుస్తకం), పెన్సిలు, ఒక గోళీ చాలు.

ఆట అయ్యాక దాచినవాళ్లే వెళ్లి డబ్బాలన్నీ లెక్క చూసుకుని తెచ్చేయండి, వెలుతురుండగానే.