ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడి కెరీర్‌ను ఫాలో అవ్వడం ఎలా

అమెరికన్ ఫుట్‌బాల్ చూద్దామని మొదలుపెట్టే వాళ్లు చాలామంది ముందు రూల్స్ బట్టీ పడతారు, నెల తిరక్కుండానే విసుగొచ్చి వదిలేస్తారు. రూల్స్ చూస్తుంటే వాటంతటవే వస్తాయి, ముందు ఒక్క ఆటగాణ్ని పట్టుకోండి. ఎలా వచ్చాడు, ఎంతకి సంతకం పెట్టాడు, ఎప్పుడు దెబ్బ తగిలింది, ఎప్పుడు తీసేశారు అని రెండు మూడేళ్లు వెంబడిస్తే అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన 32 టీమ్‌ల ఎన్‌ఎఫ్‌ఎల్ ఎలా నడుస్తుందో మొత్తం తెలిసిపోతుంది. స్టార్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడిని నడిపించేవాడు, మాత్రం వద్దు. టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను తీసుకునే డ్రాఫ్ట్‌లో చివరి రౌండ్లలో వచ్చిన కుర్రాణ్నో, అసలు ఎవరూ తీసుకోని వాణ్నో ఎంచుకోండి, ఎందుకంటే వాడికి ప్రతి ఆగస్టూ పరీక్షే.

మొదట డ్రాఫ్ట్ నంబర్, అంటే ఎన్నోవాడిగా తీసుకున్నారో చూడండి. డ్రాఫ్ట్ ఏడు రౌండ్లు, హైస్కూల్ అయిపోయి మూడేళ్లు నిండితే గానీ అందులోకి రానివ్వరు. ముందు రౌండ్లో వచ్చిన వాడి మీద టీమ్ ఎక్కువ డబ్బు పెడుతుంది కాబట్టి నాలుగు తప్పులు చేసినా ఓర్చుకుంటుంది, చివర్లో వచ్చినవాడికి ఆ ఓర్పు దొరకదు. ఆ నంబర్ చెప్పేది అంతే, ప్రతిభ గురించి కాదు. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 2000లో 199వ వాడిగా వచ్చి ఏడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచాడు.

ఇంకో క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్ సంగతైతే నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. 1994లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, గ్రీన్ బే ప్యాకర్స్ క్యాంప్‌కి పిలిచి సీజన్ మొదలవకముందే పంపేసింది. ఐయోవాలో ఒక సూపర్‌మార్కెట్‌లో గంటకి 5.50 డాలర్లకు రాత్రిపూట అరల్లో సరుకులు సర్దాడు. తర్వాత ఇండోర్‌లో ఆడే అరీనా ఫుట్‌బాల్, ఆ తర్వాత యూరప్. 1999లో సెయింట్ లూయిస్ రామ్స్‌లో అసలు క్వార్టర్‌బ్యాక్‌కి సీజన్ ముందే మోకాలు దెబ్బతింటే ఇతన్ని దింపారు, అదే సీజన్లో ఎంవీపీ (ఆ ఏటి ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, సూపర్ బౌల్ కూడా గెలిచాడు. కాబట్టి మీవాడి పేరొక్కటే చూస్తే చాలదు, అదే పొజిషన్లో అతని ముందు ఎవరున్నారో, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో కూడా చూస్తుండాలి.

ఇప్పుడు కాంట్రాక్ట్. ఇక్కడే అందరూ పొరబడతారు. హెడ్‌లైన్‌లో వచ్చే పెద్ద అంకెని పక్కన పెట్టి, గ్యారంటీ ఎంత అని వెతకండి, మిగతాది టీమ్ ఉంచుకుంటేనే చేతికొస్తుంది. ఉదాహరణకి ఒకడికి నాలుగేళ్ల కాంట్రాక్ట్, 8 మిలియన్ డాలర్ల సైనింగ్ బోనస్ ఇచ్చారనుకోండి. ఆ 8 అతనికి ముందే వస్తుంది, కానీ శాలరీ క్యాప్ (ఒక టీమ్ ఏడాదికి జీతాల మీద పెట్టగల గరిష్ఠ మొత్తం) లెక్కలో ఏడాదికి 2 చొప్పున పరుస్తారు. మూడో ఏడు జీతం 9 మిలియన్లు, దానికి గ్యారంటీ లేదు అనుకుందాం. ఉంచుకుంటే ఆ ఏడు క్యాప్ మీద పడేది 9, 2 కలిపి 11. సీజన్ మొదలవకముందే తీసేస్తే మామూలుగా మిగిలిన రెండేళ్ల బోనస్ 4 మిలియన్లు ఒకేసారి పడుతుంది, దాన్నే డెడ్ మనీ అంటారు, అయినా టీమ్‌కి 7 మిలియన్లు మిగిలినట్టే. అందుకే బాగా ఆడిన వాణ్ని కూడా మార్చిలో వదిలేస్తుంటారు, అభిమానులు అన్యాయం అని గోల పెడతారు. నిజంగా అన్యాయమే, కానీ సంతకం పెట్టిన రోజే ఆ కాగితంలో అది కనిపిస్తుంది. మీవాడి కాంట్రాక్ట్‌లో ఆ ఏడాది ఏదో ముందే వెతికి పెట్టుకోండి.

ఆగస్టు చివర్లో ఒక్క రోజు మాత్రం మిస్ అవ్వకండి. క్యాంప్‌లో ఉన్న 90 మందిని ఆ రోజుకి 53కి తగ్గించాలి. మీవాణ్ని కట్ చేశారని చూడగానే కంగారు పడొద్దు, ఇంకో 24 గంటలు ఆగండి. నాలుగు సీజన్లు పూర్తికాని వాళ్లు వెయివర్స్‌లోకి వెళ్తారు, వేరే టీమ్ ఎత్తుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే తరచుగా అదే టీమ్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే ఆ 53 మందికి బయట ప్రాక్టీస్ కోసం ఉంచుకునే వాళ్లలో, మళ్లీ కనిపిస్తాడు. జీతం బాగా తగ్గుతుంది, కానీ తలుపు పూర్తిగా మూసుకోదు.

సీజన్ మొదలయ్యాక ఆదివారం మ్యాచ్ అయితే బుధవారం నుంచి ఇంజురీ రిపోర్ట్ వస్తుంది. పూర్తిగా ప్రాక్టీస్ చేశాడా, కొంతే చేశాడా, అసలు చేయలేదా అని రోజుల వారీగా చూడండి. శుక్రవారం క్వశ్చనబుల్ అని పెడితే ఆడొచ్చు, ఆడకపోవచ్చు, డౌట్‌ఫుల్ అంటే దాదాపు ఆడడనే. ఇంజర్డ్ రిజర్వ్ అనే గాయపడ్డవాళ్ల జాబితాలో పెడితే కనీసం నాలుగు మ్యాచ్‌లు పోయినట్టే. ఇవి ఉత్త మాటలుగా కనిపిస్తాయి గానీ, క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్‌కి 2018 నవంబర్‌లో కాలు విరిగి, ఇన్‌ఫెక్షన్ సోకి, 17 ఆపరేషన్లు జరిగాయి, అతను మళ్లీ మ్యాచ్‌లో దిగింది 2020 అక్టోబర్‌లో. ఆ రెండేళ్లూ రిపోర్టుల్లో అతనిది ఒక పేరు మాత్రమే.

వయసుని కూడా పొజిషన్‌ని బట్టే లెక్కేయండి. బంతి పట్టుకుని పరిగెత్తుతూ దెబ్బలు తినే రన్నింగ్ బ్యాక్‌కి 28 వస్తేనే టీమ్‌లు వెనకాడతాయి, బంతిని కాలితో తన్నే కిక్కర్ ఆడమ్ వినటియేరి మాత్రం 46 ఏళ్ల దాకా ఆడాడు. క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ 2019 ఆగస్టులో 29 ఏళ్లకే, గాయాలతో అలసిపోయానని చెప్పి మానేశాడు. ఆ వార్త మ్యాచ్ జరుగుతుండగానే బయటికొచ్చింది, మైదానం నుంచి నడిచి వెళ్తుంటే సొంత అభిమానులే బూ కొట్టారు. అది చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. మీరు మాత్రం అలా చేయకండి.

ఇంకొక్కటి. మూడు సీజన్లు లెక్కలోకి వస్తేనే ఆటగాడికి పెన్షన్ హక్కు, ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే కనీసం మూడు మ్యాచ్‌ల పాటు పూర్తి జీతంతో ఉండాలి. కాబట్టి మీవాడి మూడో సీజన్, మూడో మ్యాచ్ తేదీని ఇప్పుడే ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి. ఆ రోజు గురించి ఏ పేపరూ రాయదు, వాళ్ల ఇంట్లో మాత్రం కచ్చితంగా తెలిసే ఉంటుంది.