ప్రకృతి వనంలో కలుపు తీసే ముందు స్వచ్ఛంద సేవకులు పాటించవలసిన జాగ్రత్తలు

వయ్యారిభామ మొక్కలను పీకేందుకు వచ్చేవారు నిండు చేతుల చొక్కా, మందపాటి చేతి తొడుగులు, పాదాన్ని పూర్తిగా కప్పే బూట్లు, మాస్కు తప్పక ధరించాలి. దాని పుప్పొడి వల్ల ఆయాసం, ఆకు తగలడం వల్ల దద్దుర్లు రావచ్చు కాబట్టి ఉబ్బసం ఉన్నవారిని ఈ పనికి దూరంగా ఉంచాలి.

తెల్లని పూలు విచ్చుకోకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, మొక్కను వేరుతో సహా లాగాలి. ఒక్క మొక్కే 10,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. అందుకే బూట్ల అడుగున, ప్యాంటు మడతల్లో చేరిన మట్టిని అక్కడే దులిపి రావాలని గట్టిగా కోరుతున్నాం.

ఏ మొక్కో తెలియనిదాన్ని పీకకూడదు. పొదలో చేయి పెట్టేముందు కర్రతో కదిలించి చూడాలి. గుడ్లున్న గూడు కనిపిస్తే ఆ పొదను ముట్టకుండా వన సిబ్బందికి తెలియజేయాలి.