వింత ఆలోచనకు చందా అడిగే పద్ధతి

హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల ముందు ఒకప్పుడు చేత్తో గీసిన సినిమా కటౌట్లు నిలబడేవి. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని చేసిన ఆర్టిస్టులు దుకాణాల బోర్డులకో, గోడ రాతలకో మళ్లిపోయారు. అటువంటి ఆర్టిస్టు ఒకరి చేత మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయనను, పూలమ్మే ఆమెను, మిర్చి బజ్జీల బండి ఆయనను 12 అడుగుల కటౌట్లుగా గీయించి వారం రోజులు నిలబెడదామని నేను అన్నప్పుడు అందరూ నవ్వారు, బాగుందన్నారు, డబ్బు మాటెత్తగానే ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. సంస్థలిచ్చే చిన్న గ్రాంటులతోనూ, క్రౌడ్‌ఫండింగ్‌తోనూ, అంటే పదిమంది దగ్గర తలా కొంత పోగుచేసిన చందాతోనూ ఇలాంటి పనులు నెరవేర్చుకోదలచినవారు మొట్టమొదట గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది: ఆలోచన ఎంత వింతదైతే దాని లెక్క అంత మామూలుగా, పచారీ కొట్టు చీటీలాగా ఉండాలి.

కాబట్టి చందా పుస్తకం కన్నా ముందు అంచనా కాగితం తయారు కావాలి. మా కాగితంలో ఆర్టిస్టుకు రోజుకు 2,000 రూపాయల చొప్పున 12 రోజులకు 24,000, సహాయకుడికి రోజుకు 900 చొప్పున 10,800, గుడ్డకు, రంగులకు, బ్రష్షులకు 11,000, చట్రాలకు, వెదురు బొంగులకు, వాటిని కట్టేవారి కూలికి 9,000, ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులకు 3,000, దాతలకిచ్చే నేమ్‌ప్లేట్లు 20కి 4,000, వాన కురిస్తేనో ధర పెరిగితేనో అని పక్కన పెట్టినది 6,200 ఉన్నాయి. మొత్తం 68,000. ప్రతి అంకె వెనుకా ఒక కొటేషన్ గాని, పని చేసే మనిషి నోట విన్న రేటు గాని ఉండాలి. 'ఇతర ఖర్చులు 20,000' అన్న ఒక్క వరుస కనబడితే చాలు, చదివేవారు మిగిలిన వరుసలను కూడా అనుమానిస్తారు. ఆర్టిస్టు కూలిని తీసేసి 'సేవాభావంతో చేస్తారు' అని రాసేవారు ఉన్నారు. అది పొదుపు కాదు, ఆ ఖర్చును పేదవాడి నెత్తిన రుద్దడం.

గ్రాంటు దరఖాస్తులో చాలామంది చేసే పొరపాటునే నేనూ చేశాను. సరదా పనికి ఎవరిస్తారులే అన్న జంకుతో, కటౌట్ల ద్వారా 'శ్రామికుల పట్ల సామాజిక చైతన్యం' తెస్తామని నాలుగు పేజీలు రాశాను. సంస్థ వారు మర్యాదగా తిరగ్గొట్టారు. చైతన్యం తెచ్చేవారు వారి దగ్గర నాకంటే ముందు చాలామంది వరుసలో ఉన్నారు, కటౌట్లు గీయిస్తానన్నది మాత్రం నేనొక్కడినే, ఆ సంగతినే నేను మూడో పేజీలో దాచాను. మీరేం చేస్తారో మొదటి వాక్యంలోనే చెప్పండి, తరువాత ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేత, ఎంతకు అన్నవి చెప్పండి, అప్పటికీ చోటు మిగిలితే ఎందుకు అన్నది రాయండి.

గ్రాంటులిచ్చేవారిలో బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ గురించి ముందుగా తెలుసుకోవాలి. 1993లో ఏర్పడిన ఈ సంస్థ దేశమంతటి కళాకారులకు, పరిశోధకులకు గ్రాంటులిస్తుంది, ప్రతిపాదనలను భారతీయ భాషల్లో కూడా తీసుకుంటుంది కాబట్టి తెలుగులో రాయడానికి సంకోచించనక్కరలేదు. అయితే దాని ప్రాజెక్ట్ 560 బెంగళూరు నగరానికే పరిమితం, ఆ అంకె ఆ ఊరి పిన్‌కోడులోనిది. విచిత్రమైన ఆలోచనలకే పేరుపడినది ఆసమ్ ఫౌండేషన్. 2009లో బోస్టన్‌లో మొదలైన ఈ పద్ధతిలో పదిమంది సభ్యులు తలా 100 డాలర్లు వేసుకుని, నెలకొక ఆలోచనకు 1,000 డాలర్లు ఏ షరతూ లేకుండా ఇస్తారు. హైదరాబాదులో పదిమంది మిత్రులు నెలకు 1,000 రూపాయల చొప్పున వేసుకుంటే ఇదే పని ఇక్కడా జరుగుతుంది. చిట్టీలాంటిదే, కాకపోతే పాట ఉండదు, ఎత్తుకున్న డబ్బు తిరిగి రాదు.

క్రౌడ్‌ఫండింగ్ అన్న మాట కొత్తదే గాని పని మనకు పాతదే. పెళ్లిలో చదివింపులు, వినాయక చవితి చందాలు, గుడిలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు, ఇవన్నీ అదే కోవలోవి. (ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరూ చదవలేరన్న సంగతి దాతకు తెలియదనుకోను.) బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది, అంత డబ్బు పెట్టినవారు లడ్డూ రుచి కోసం పెట్టలేదు. ఇచ్చినవారికి తిరిగి ఏమివ్వాలో ఆలోచించేటప్పుడు టీషర్టులు, కప్పులు మాని, మీ పని నుండి మాత్రమే పుట్టగల వస్తువును ఎంచుకోండి. మేము 2,000 ఇచ్చినవారికి వారి ఇంటి పేరును సినిమా టైటిలు అక్షరాలతో చేత్తో రాయించిన నేమ్‌ప్లేటు ఇచ్చాము. దాని ఖర్చును మాత్రం అంచనాలో ముందే చూపాలి, లేకపోతే కానుకలే చందాను తినేస్తాయి.

కావలసిన మొత్తంలో మూడో వంతు, మా విషయంలో 22 వేల పైచిలుకు, దగ్గరివారి నుండి వచ్చాకనే బయటివారిని అడగాలని నా అభిప్రాయం, ఎందుకంటే సున్నా దగ్గర నిలిచిన చందాకు మొదటి రూపాయి వేయడానికి ఎవరికీ చేయి రాదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే 43 మంది బొటనవేలు చూపారు, 11 మంది డబ్బు వేశారు. ఆ తరువాత ఒక్కొక్కరికీ విడిగా ఇలా రాశాను: "మన వీధి ఇస్త్రీ అన్నకు సినిమా హీరోకు కట్టినట్టే 12 అడుగుల కటౌటు గీయిస్తున్నాము. ఆర్టిస్టు గారి ఒక రోజు కూలి 2,000. ఒక్క రోజు కూలి మీరు పెట్టుకుంటారా?" విరాళం అని అడిగితే తప్పుకున్నవారిలో కొందరు రోజు కూలి అని అడిగితే ఒప్పుకున్నారు.

ఆన్‌లైన్‌లో చందాలు సేకరించే వేదికల విషయానికొస్తే, మన దేశంలో మిలాప్, కెట్టో వంటివి ఎక్కువగా వైద్య ఖర్చుల చందాలకు పేరుపడ్డాయి. ప్రాణాపాయంలో ఉన్న పసిపిల్లల ఫొటోల పక్కన కటౌటు బొమ్మ వెలవెలబోతుంది. అమెరికాకు చెందిన కిక్‌స్టార్టర్ వేదికలో భారతదేశం నుండి నేరుగా ప్రాజెక్టు పెట్టడానికి వీలు లేదు. లక్ష లోపు పనికి యూపీఐ క్యూఆర్ కోడు, దానితోపాటు హైదరాబాదులోని సాంస్కృతిక వేదిక లామకాన్ లాంటి చోట ఒక సాయంత్రం ముఖాముఖి సమావేశం సరిపోతాయి.

ఇక్కడ చట్టం గురించి కొంత ఆగి చెప్పాలి. బంధువులు కానివారి నుండి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన కానుకల మొత్తం 50,000 దాటితే, దాటిన భాగమే కాక మొత్తమూ పన్ను లెక్కలోకి వస్తుంది. మా 68,000ను నా సొంత ఖాతాలో వేయించుకోకపోవడానికి కారణం ఇదే. కనీసం ఏడుగురు కలిసి సొసైటీ రిజిస్టరు చేసుకోవచ్చు, లేదా ఇప్పటికే ఉన్న ట్రస్టుతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని వారి ఖాతా ద్వారా నడపవచ్చు. ఏది చేసినా ముందుగా ఒక ఆడిటరును అడగండి. దాతలకు పన్ను మినహాయింపు తెచ్చే, 80జి అని పిలిచే రసీదు ఇస్తామని తొందరపడి మాట ఇవ్వకండి, దానికి సంస్థకు వేరే ఆమోదం ఉండాలి. పైగా కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఆ మినహాయింపు వర్తించదు.

అమెరికా డబ్బు సంగతి మరీ సున్నితం. సాంస్కృతిక కార్యక్రమానికి విదేశీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని తప్పనిసరి. డాలస్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్న స్నేహితుడు తన సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, అక్కడి పౌరసత్వం తీసుకున్న మిత్రుడు పంపితే అవుతుంది. ఎఫ్‌సీఆర్ఏ నమోదు ఉన్న సంస్థ ద్వారా తెప్పించుకుందామన్నా, 2020 సవరణ తరువాత ఆ సంస్థ ఆ డబ్బును మరొకరికి బదిలీ చేయకూడదు.

అనుమతులను చివరికి వదలకండి. రోడ్డు మీద కటౌటు నిలబెట్టాలంటే నగరపాలక సంస్థ అనుమతి కావాలి. మేము అపార్ట్‌మెంటు ప్రహరీ లోపల నిలబెట్టి ఆ గొడవ తప్పించుకున్నాము. రాత్రి 10 తరువాత మైకు కుదరదు. అన్నిటికన్నా ముందు బొమ్మ గీయించబోయే మనిషి అనుమతి తీసుకోవాలి. ఇస్త్రీ ఆయన రెండు రోజులు ఆలోచించి, నవ్వులాట కాదు కదా అని అడిగి, మీసం కొంచెం తిప్పి గీయమని షరతు పెట్టి ఒప్పుకున్నారు.

పని ముగిసిన వారం లోపల బిల్లుల ఫొటోలతో సహా లెక్కను దాతలందరికీ పంపాలి. మాకు 1,350 మిగిలితే, ఏం చేయమంటారని వారినే అడిగి పూలమ్మే ఆమెకు పెద్ద గొడుగు కొన్నాము. వారం తరువాత కటౌట్లు ఎవరికి చెందుతాయో కూడా మొదటి ఉత్తరంలోనే రాసి ఉంచాము, అవి బొమ్మల్లో ఉన్నవారివేనని. ఇస్త్రీ ఆయన తనదాన్ని చట్రం నుండి ఊడదీసి, బొమ్మ లోపలి వైపుకు వచ్చేలా తిప్పి, బండి మీద ఎండకు అడ్డంగా కట్టుకున్నారు.