పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. శ్రీకాకుళంలో నా ముందుకొచ్చే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి ఆ రెండూ ఉండవు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య కొత్తది కొనుక్కుని పాతది ఇంటికి పంపిస్తాడు. ఎచ్చెర్లలో చదివే తమ్ముడో, ఆమదాలవలసలో ఉన్న చెల్లెలో దాన్ని వాడతారు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌తో వేసుకోమని ఎవరో అంటారు. వేస్తారు. మధ్యలో ఆగిపోతుంది.

"ఏటి సార్, లైనక్స్ ఎక్కట్లేదు" అని ఫోన్ వస్తే నేను అడిగేది ఒక్కటే: ఎక్కడ ఆగింది? పెన్‌డ్రైవ్ దగ్గరా, లోగో దగ్గరా, డిస్క్ ఎంచుకునే చోటా, అంతా అయ్యాక రీస్టార్ట్‌లోనా? ఆగిన చోటే సగం కారణం చెప్పేస్తుంది. అది చూడకుండా లైనక్స్ రకాల్లో మింట్ పోయి ఉబుంటు, ఉబుంటు పోయి ఇంకోటి మారుస్తూ కూర్చుంటే అన్నీ అక్కడే ఆగుతాయి.

పెన్‌డ్రైవ్ పెట్టినా నేరుగా విండోసే వచ్చేస్తోంది

మొదటి కారణం, మిషన్ దేంతో లేవాలో ఎంచుకునే బూట్ మెనూ కీ సమయానికి అందకపోవడం. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. కొన్ని లెనోవో ఐడియాప్యాడ్‌లకు పక్కన సూది దూరేంత రంధ్రం ఉంటుంది, మిషన్ ఆపి ఉన్నప్పుడు అందులో పిన్నుతో నొక్కితే మెనూ వస్తుంది. ఏసర్‌లో ఎఫ్12 చాలావాటికి ఆపేసి ఉంటుంది. ఎఫ్2తో బయోస్‌లోకి, అంటే మిషన్ సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూని ఎనేబుల్ చేయాలి.

కీ సరైనదే అయినా రాకపోతే విండోస్‌లో షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ అంటే మిషన్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది.

మెనూ వచ్చింది గానీ అందులో పెన్‌డ్రైవ్ పేరు లేదంటే నీలం రంగు యూఎస్‌బీ పోర్టులోంచి తీసి నల్లదాంట్లో పెట్టండి. పాత బయోస్‌లు కొన్ని యూఎస్‌బీ 3 పోర్టు నుంచి బూట్ కావు. అప్పటికీ లేకపోతే లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో రాసే రూఫస్ ప్రోగ్రాంలో తప్పు జరిగి ఉంటుంది. 2012లో విండోస్ 8తో వచ్చిన తరం నుంచి ల్యాప్‌టాప్‌లు యూఈఎఫ్ఐ పద్ధతిలో నడుస్తాయి, అంతకు ముందువి ఎక్కువగా పాత లెగసీ పద్ధతిలో. రూఫస్‌లో పాతవాటికి ఎంబీఆర్, కొత్తవాటికి జీపీటీ ఎంచుకోవాలి. ఈ గొడవ వద్దనుకుంటే వెంటాయ్ వాడండి. దాంతో చేసిన పెన్‌డ్రైవ్ రెండు పద్ధతుల్లోనూ లేస్తుంది, నాలుగైదు ఐఎస్ఓలు (లైనక్స్ ఇన్‌స్టాల్ ఫైళ్లు) ఒకేదాంట్లో పెట్టుకోవచ్చు.

"ఈ ప్రాసెసర్‌కి ఈ కెర్నల్ నడవదు" అని ఇంగ్లీషులో ఒక లైను వచ్చి ఆగింది

మీ ప్రాసెసర్ 32 బిట్, మీరు ఎక్కించబోయేది 64 బిట్. 2008, 2009 ప్రాంతంలో వచ్చిన చిన్న నెట్‌బుక్‌ల్లోని ఆటమ్ ఎన్270 ఇలాంటిదే. ఉబుంటు, మింట్ ప్రధాన వెర్షన్ ఏనాడో 32 బిట్‌ని వదిలేశాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. డెబియన్ 12 మీద కట్టిన యాంటీఎక్స్ 23 ఇంకా ఎక్కుతుంది. ఎక్కుతుంది అన్నానే గానీ, ఒక జీబీ ర్యామ్‌తో దాంట్లో యూట్యూబ్ చూడాలనుకోవద్దు. టైపింగ్‌కి, పాటలకి, ప్రింటర్ పక్కన పెట్టుకోడానికి పనికొస్తుంది.

64 బిట్ అయితే ర్యామ్ చూసుకోండి. 4 జీబీ ఉంటే మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ హాయిగా నడుస్తుంది. 2 జీబీ ఉంటే లుబుంటు లేదా ఎంఎక్స్ లైనక్స్‌లో ఫ్లక్స్‌బాక్స్ రకం.

లోగో వస్తుంది, తర్వాత తెర నల్లగా ఉండిపోతోంది

దాదాపు ఎప్పుడూ గ్రాఫిక్స్ గొడవే, ముఖ్యంగా ఎన్‌విడియా స్టిక్కర్ ఉన్న ల్యాప్‌టాప్‌ల్లో. మింట్ పెన్‌డ్రైవ్ లేవగానే వచ్చే మెనూలో కంపాటిబిలిటీ మోడ్ అని రెండో లైను ఉంటుంది, దాంతో లేపండి. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి మళ్లీ నల్లతెర రావచ్చు. అప్పుడు స్టార్ట్ అయ్యేటప్పుడు షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో రికవరీ మోడ్‌కి వెళ్లి రెజ్యూమ్ నొక్కితే డెస్క్‌టాప్ వస్తుంది. అక్కడ డ్రైవర్ మేనేజర్ తెరిచి అది సూచించిన ఎన్‌విడియా డ్రైవర్ వేసుకుంటే సరి. మరీ పాత కార్డులకు కొత్త మింట్‌లో ఆ కంపెనీ డ్రైవరే లేదు, లోపల ఉన్న నూవో డ్రైవర్‌తోనే సరిపెట్టుకోవాలి.

నల్లతెర అంటున్నది నిజంగా నలుపేనా అని టార్చి వేసి చూడటం కూడా అవసరమే. వెలుతురు వేస్తే అక్షరాలు లీలగా కనిపిస్తే లైనక్స్ లేచింది, వెనక బ్యాక్‌లైట్ వెలగలేదంతే. బ్రైట్‌నెస్ కీలు నొక్కి చూడండి. విండోస్‌లోనూ అంతే అయితే తెర గానీ దాని కేబుల్ గానీ మార్చాల్సిందే.

ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతోంది

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. రెండుసార్లు నడిపి, ప్రతిసారీ ఎంతవరకు వెళ్లిందో రాసుకోండి.

రెండుసార్లూ ఒకేచోట ఆగితే పెన్‌డ్రైవ్ లేదా డౌన్‌లోడ్ అయిన ఐఎస్ఓ పాడై ఉండొచ్చు. మొబైల్ డేటాతో దించినప్పుడు నెట్ తెగి మళ్లీ కలిస్తే ఫైలు అసంపూర్తిగా ఉండిపోతుంది. మింట్ మెనూలో మీడియం సరిగ్గా ఉందో లేదో చెక్ చేసే లైను ఉంటుంది, దాన్ని నడపండి. తప్పు చూపిస్తే ఫైలు మళ్లీ దించి, వేరే పెన్‌డ్రైవ్‌లో రాయండి. సంతలో కొన్న 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు కొన్ని లోపల 8 జీబీయే ఉంటాయి. వాటిని నమ్మకండి.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే అనుమానం ర్యామ్ మీదికి పోవాలి. మనది సముద్రం పక్క జిల్లా. కళింగపట్నం, బారువ వైపు ఊళ్లలో ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు నల్లబడిపోవడం మామూలే. ఛార్జర్, బ్యాటరీ తీసేసి, వెనక మూత విప్పి, ర్యామ్ బయటికి తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కదాన్నే పెట్టి చూడండి. మెనూలో మెమరీ టెస్ట్ ఉంటే రాత్రి పెట్టి వదిలేయండి. పొద్దున్నకి ఒక్క ఎర్ర లైను కనిపించినా ఆ ర్యామ్ పనికిరాదు.

ఒక్కోచోట ఆగడమే గాక లోపల్నించి టిక్ టిక్ శబ్దం వస్తుంటే హార్డ్‌డిస్క్ పోతోంది. పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లేపి డిస్క్స్ అనే అప్లికేషన్ తెరవండి. మూడు చుక్కల మెనూలో స్మార్ట్ డేటా అని ఉంటుంది. అందులో రీఅలొకేటెడ్ సెక్టర్, పెండింగ్ సెక్టర్ వరుసలు చూడండి. రెండూ సున్నా ఉంటే మంచిది. పెండింగ్ అంకె సున్నా దాటితే ఆ డిస్క్ మీద ఏదీ ఇన్‌స్టాల్ చేయొద్దు, ముందు ఫొటోలు కాపీ చేసుకోండి. పాత ల్యాప్‌టాప్ మీద డబ్బు పెట్టాలంటే హార్డ్‌డిస్క్ స్థానంలో వేసే చిన్న సాటా ఎస్ఎస్‌డీ మీదే పెట్టండని నేను చెబుతాను. దాని తర్వాతే ర్యామ్.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. పాత ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, ఛార్జర్ మీదే బతుకుతుంది. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే పని మళ్లీ మొదటికొస్తుంది. ఇన్వర్టర్ లైనులో పెట్టుకుని మొదలెట్టండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో గుర్తున్నవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు. అంతా వేసుకుని వాడుతుండగా కరెంటు పోయి, మర్నాడు ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అంటూ నల్లతెర మీద అక్షరాలు వస్తే బెదరకండి. పెన్‌డ్రైవ్‌తో లేపి, అదే డిస్క్స్‌లో లైనక్స్ ఉన్న భాగాన్ని ఎంచుకుని, చక్రం గుర్తు నొక్కి రిపేర్ ఫైల్‌సిస్టమ్ కొడితే ఎక్కువసార్లు బాగైపోతుంది.

డిస్క్ ఎంచుకునే చోట పెన్‌డ్రైవ్ తప్ప ఏమీ కనబడటం లేదు

బయోస్‌లో సాటా మోడ్ రెయిడ్ లేదా ఇంటెల్ ఆర్ఎస్‌టీ అని ఉంటుంది. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్ కూడా ఉంచుకోవాలంటే ఊరికే మార్చేస్తే అది లేవదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌కి వెళ్లి మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, తర్వాత మామూలు మోడ్‌కి తేవాలి. బయోస్‌లోనే డిస్క్ పేరు లేకపోతే డిస్క్ గానీ దాని కనెక్టర్ గానీ పోయినట్టు.

"డి డ్రైవ్‌లోవి పోవు కదా?"

పోతాయి. విండోస్ కొత్తగా వేసినప్పుడు సి మాత్రమే ఫార్మాట్ చేసే అలవాటుతో చాలామంది పెళ్లి ఫొటోలు డి డ్రైవ్‌లో దాచుకుంటారు. లైనక్స్ ఇన్‌స్టాలర్‌లో ఎరేజ్ డిస్క్ అంటే సి, డి, ఈ అన్నీ కలిపి తుడిచేస్తుంది. ముందే బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇప్పటికే అయిపోతే ఆ క్షణం నుంచి ఆ ల్యాప్‌టాప్ వాడటం ఆపేయండి. డిస్క్‌ని తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి పోయిన ఫైళ్లు వెతికే ఫొటోరెక్ నడిపితే కొన్ని ఫొటోలు పేర్లు పోయినా దొరకొచ్చు. కొత్తగా ఎంత రాస్తే అంత పోతుంది. ఎస్ఎస్‌డీ అయితే ఆశ ఇంకా తక్కువ.

అంతా అయింది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ విండోసే

లైనక్స్ ఎక్కింది. మిషన్‌కి చెప్పేవాళ్లు లేరు. బయోస్‌లో బూట్ ఆర్డర్‌కి వెళ్తే విండోస్ బూట్ మేనేజర్ కింద ఉబుంటు అని కనిపిస్తుంది. మింట్ వేసినా పేరు ఉబుంటు అనే ఉంటుంది, కంగారుపడకండి. దాన్ని పైకి జరపండి.

ఏసర్‌లో ఇది ఇంకొంచెం తిరకాసు. ముందు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితేనే నమ్మిన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ లైన్లు తెరుచుకుంటాయి. అక్కడ యూఈఎఫ్ఐ ఫైలుని నమ్మదగినదిగా ఎంచుకునే చోట ఈఎఫ్ఐ, ఉబుంటు ఫోల్డర్లలోకి వెళ్లి షిమ్ పేరుతో ఉన్న ఫైలు ఎంచుకోవాలి. ఆ పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసి పెట్టుకోండి, మర్చిపోతే బయోస్‌కి తాళం పడినట్టే.

తేదీ వెనక్కి పోతోంది, వెబ్‌సైట్లు తెరుచుకోవు, అప్‌డేట్లు రావు

ఇవన్నీ ఒకే జబ్బు. లోపల నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. పెద్ద బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ తీయగానే గడియారాన్ని నిలబెట్టేది ఈ చిన్నదే. అది కూడా పోతే తేదీ ఎప్పటికో వెళ్లిపోతుంది. అప్పుడు వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టనట్టే కనిపిస్తాయి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా అదే మాట అంటుంది. పైగా నిన్న పెట్టిన ఏహెచ్‌సీఐ, బూట్ ఆర్డర్ ఈవేళ మళ్లీ మొదటికి రావచ్చు. "నిన్న పనిచేసింది, ఈవేళ లేదు" అన్నవాళ్లని నేను ముందు అడిగేది తేదీ ఎంత చూపిస్తోందనే. కొన్నిటికి ఆ బ్యాటరీ వైరుతో అతికించి ఉంటుంది, వైరుతోనే కొనాలి.

వైఫై గుర్తే లేదు

పాత డెల్, హెచ్‌పీలకు పక్కన చిన్న స్విచ్ గానీ కీబోర్డ్ మీద వైఫై కీ గానీ ఉంటుంది. ముందు అది చూడండి. అది కాకపోతే బ్రాడ్‌కామ్ చిప్ అయ్యుండొచ్చు, దాని డ్రైవర్ విడిగా వేయాలి. వైఫై లేకుండా డ్రైవర్ ఎలా దించాలంటారా? ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది. డ్రైవర్ మేనేజర్‌లో బ్రాడ్‌కామ్ ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. ఏదీ కుదరకపోతే చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క కొనుక్కోవడం మేలు.

ఛార్జింగ్ పెడితే మౌస్ బాణం గెంతుతోంది

డ్రైవర్ మార్చకండి. ఛార్జర్ తీసేసి చూడండి. బాణం కుదురుగా ఉంటే చాలావరకు గోడలో ఎర్త్ లేదు, లేదా మూడో పిన్ను విరిచేసిన ప్లగ్ వాడుతున్నారు.

యూట్యూబ్ పెడితే ఫ్యాన్ గోల

యూట్యూబ్ ఇప్పుడు వీడియోలు ఎక్కువగా వీపీ9, ఏవీ1 రూపంలో ఇస్తుంది. పాత ఇంటెల్ చిప్‌లకి హెచ్.264ని మాత్రమే తేలిగ్గా విప్పే ఏర్పాటు ఉంది, మిగతాదంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఐఫై ఎక్స్‌టెన్షన్ వేసి, క్వాలిటీ 480కి దించండి. డీఎస్సీ క్లాసులు వినడానికి అది చాలు.

లైనక్స్ వేయకూడని మిషన్

డీటీపీ షాపు ల్యాప్‌టాప్ తెచ్చి లైనక్స్ వేయమంటే నేను వెయ్యను. అను ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన శుభలేఖలు, కరపత్రాలు అందులో ఉంటాయి. ఆ అక్షరాలు యూనికోడ్ కావు, లైనక్స్‌లో తెరిస్తే పిచ్చి గీతలే. ట్యాలీ కూడా విండోస్ సరుకే. వేలిముద్రల యంత్రం, డిజిటల్ సంతకం డాంగిల్ పెట్టి డబ్బులు ఇచ్చే సెంటర్లయితే ముందు పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లో లేపి, ఆ యంత్రం తగిలించి, మీ వెబ్‌సైట్ దాన్ని గుర్తుపడుతుందో లేదో చూసి అప్పుడు మాట్లాడండి. మామూలు తెలుగు టైపింగ్‌కైతే ఇబ్బంది లేదు. లైనక్స్‌లో టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డులు రెండూ వస్తాయి.